లోటస్ ఎలాన్ ఛాసిస్ ఇంట్లోనే మార్చుకోవడం ఎలా

లోటస్ ఎలాన్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు బాడీ ఫైబర్‌గ్లాస్ కాబట్టి దానికి తుప్పు పట్టదు. కింద ఉన్న ఇనప ఛాసిస్‌కి (కారుని మోసే చట్రానికి) పడుతుంది, అదీ లోపలి నుంచి. పైన పెయింటు తళతళలాడుతుంటే కింద రేకు జల్లెడైపోయి ఉండటం ఈ కార్లలో మామూలే. 1962 నుంచి 1973 దాకా వచ్చిన రెండు సీట్ల ఎలాన్‌ని దృష్టిలో పెట్టుకుని ఇక్కడ చెబుతున్నాం. 1967లో మొదలైన, వెనక సీట్లు కూడా ఉన్న ప్లస్ 2కి కూడా పని వరస ఇదే, ఛాసిస్ మాత్రం వేరు.

ఈ కారు నిర్మాణం ఇంటి పనికి బాగా కలిసొస్తుంది. మధ్యలో వెన్నెముక లాంటి రేకు పెట్టె, ముందూ వెనకా రెండేసి కొమ్మలు. ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, నాలుగు చక్రాల సస్పెన్షన్ అన్నీ దానికే వేలాడతాయి. బాడీ పైన కూర్చుని బోల్టులతో బిగిసి ఉంటుంది, అంతే. బోల్టులు తీసి బాడీ పైకెత్తితే నడిచే ఛాసిస్ కింద మిగిలిపోతుంది. ఎత్తడం ఒక పూట పని. కొత్త ఛాసిస్ మీద ఆ బాడీని ఎక్కడా ఒత్తిడి పడకుండా కూర్చోబెట్టడం దగ్గరే అసలు టైమంతా పోతుంది. చాలామంది తొందరపడేదీ అక్కడే.

మార్చాలా, అతుకు వేస్తే చాలా?

ఒక స్క్రూడ్రైవర్, చిన్న సుత్తి తీసుకుని కారు కిందికి దూరండి. మొదట చూడాల్సింది ముందు అడ్డ పెట్టె. ఎలాన్‌లో హెడ్‌లైట్లు వాక్యూమ్‌తో పనిచేస్తాయి, ఆ వాక్యూమ్ నిల్వ ఉండేది ఈ పెట్టెలోనే. ఇంజిన్ ఆపిన కాసేపటికే లైట్లు తమంతట తామే కదులుతుంటే గొట్టాలు, వాల్వులతో పాటు ఈ పెట్టెనూ అనుమానించండి. దాని రెండు చివర్లా పైకి లేచి ఉన్న స్తంభాల్లోకి నీళ్లు చేరతాయి. అడుగున ఉన్న చిన్న రంధ్రాలు మట్టితో మూసుకుపోతే ఆ నీళ్లు అక్కడే నిలిచి లోపలి నుంచి తినేస్తాయి. సుత్తితో తట్టినప్పుడు ఖంగుమనాలి. మొద్దుగా, చప్పగా మోగిందంటే లోపల రేకు పోయినట్టే.

తర్వాత ముందు విష్‌బోన్లు (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే చేతులు) తిరిగే ఇరుసు పిన్నుల మొదళ్లు, డిఫరెన్షియల్ వేలాడే బ్రాకెట్లు, వెనక స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) టవర్ల అడుగు భాగం చూడండి. వెంట్రుక వాసి పగులు తుప్పు గీతలా కనిపిస్తుంది. వైర్ బ్రష్‌తో రుద్ది, డై పెనిట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం) కొట్టి చూస్తే తేలిపోతుంది.

బ్రాకెట్ దగ్గర ఒక్క పగులే ఉంటే వెల్డింగ్ చేయించుకోవచ్చు. ముందు పెట్టె గానీ ఇరుసు పిన్నుల చుట్టూ రేకు గానీ పోయిందంటే అతుకుల జోలికి పోవద్దు. పలచని రేకు వెల్డింగ్ వేడికి లాక్కుపోతుంది, విష్‌బోన్ కోణాలు మారిపోతాయి. పైగా లోపలి వైపు తుప్పు అలాగే ఉంటుంది కాబట్టి అతుకు పక్కనే మళ్లీ పోతుంది.

కొత్త ఛాసిస్ రెండు రకాలు. ఒకటి, పాతదాని మాదిరే రేకు మడిచి చేసి, గాల్వనైజ్ చేసినది (జింక్ పూత వేసినది). రెండోది స్పైడర్ అనే కంపెనీ లాంటి వాళ్లు చేసే గొట్టాల ఛాసిస్. రెండోది గట్టిదే. కానీ పైపులు, కేబుళ్లు వెళ్లే దారులు మారతాయి, కారు అసలు రూపంలో ఉండాలనుకునేవాళ్లకు అది నచ్చదు. ఇంజిన్, సస్పెన్షన్ పాతవే వాడే రోడ్డు కారుకి మొదటిదే మేలని మా అభిప్రాయం. ఆర్డర్ చేసేటప్పుడు మోడల్ పేరొక్కటే చెబితే చాలదు, కారు ఛాసిస్ నంబరు కూడా ఇవ్వండి. రెండు సీట్ల ఎలాన్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 84 అంగుళాలు, ప్లస్ 2ది 96. ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

ఇంకో మాట. ఛాసిస్ మార్చితే రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఏం చెప్పాలో ఒక్కో దేశంలో ఒక్కో రూలు ఉంది. పని మొదలుపెట్టకముందే అడిగి తెలుసుకోండి. నంబరు ప్లేటు, పాత ఛాసిస్, కొత్త ఛాసిస్ బిల్లు అన్నిటికీ ఫొటోలు తీసి దాచండి. అంతా తేలేదాకా పాత ఛాసిస్‌ని కోసి పాత ఇనుముకి వేయకండి, కొలతలకు కూడా అదే ఆధారం.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

కారు పొడవు 3.7 మీటర్ల లోపే. అయినా బాడీ, పాత ఛాసిస్, కొత్త ఛాసిస్ మూడూ ఒకేసారి నేల మీద ఉండే రోజులుంటాయి. కనీసం రెండు కార్లు పట్టే చోటు, సమంగా ఉన్న నేల కావాలి. రెండు ట్రాలీ జాకీలు, ఆరు స్టాండ్లు, ఇంజిన్ ఎత్తడానికి హాయిస్ట్, అంగుళాల కొలత స్పానర్లు, సాకెట్లు, టార్క్ రెంచ్ కావాలి. యుఎన్‌ఎఫ్ ట్యాపులు (రంధ్రంలో మర తీసే పనిముట్లు) 1/4, 5/16, 3/8, 7/16 సైజుల్లో తెచ్చుకోండి. గాల్వనైజ్ చేసిన ఛాసిస్‌కి ఇవి లేకుండా పని జరగదు.

బ్రేక్ పైపుకి 3/16 అంగుళం కాపర్ నికెల్ గొట్టం 25 అడుగుల చుట్ట ఒకటి సరిపోతుంది. పైపు కొసని ఫ్లేర్ చేసే (విచ్చుకునేలా వెడల్పు చేసే) పరికరం, డాట్ 4 బ్రేక్ ఆయిల్ 2 లీటర్లు, ఇపి90 గేర్ ఆయిల్, పెట్టెల లోపల కొట్టే మైనం 2 లీటర్లు, జింక్ పెయింట్ చిన్న డబ్బా తీసుకోండి. ఫైబర్‌గ్లాస్ మరమ్మతుకు పాలియెస్టర్ రెజిన్ 1 కిలో, 450 గ్రాముల చాప్డ్ మ్యాట్ (గాజు పీచు పట్టా) చదరపు మీటరు, అసిటోన్ కావాలి. బాడీ బోల్టులన్నీ కొత్తవి కొనండి, వాటితో పాటు వెడల్పు వాషర్లు, 1, 2, 3 మిల్లీమీటర్ల నైలాన్ షిమ్‌లు (సందు నింపే పలచని బిళ్లలు). రబ్బరు బుష్‌లన్నీ, వెనక చక్రాల షాఫ్ట్‌లకుండే రోటోఫ్లెక్స్ రబ్బరు కప్లింగ్‌లు నాలుగూ ఇప్పుడే మార్చేయండి, మళ్లీ ఇంత తేలిగ్గా చేతికి అందవు.

విప్పకముందు కొలతలు

తలుపుల చుట్టూ, బానెట్ చుట్టూ ఉన్న సందుల్ని నాలుగైదు చోట్ల కొలిచి మాస్కింగ్ టేప్ మీద అక్కడే రాసి అంటించండి. చక్రం మధ్య నుంచి వీల్ ఆర్చ్ అంచు దాకా నాలుగు వైపులా ఎత్తు రాసుకోండి. బాడీ ఎలా కూర్చుని ఉండేదో చెప్పడానికి తర్వాత మీకు వేరే ఆధారం ఉండదు.

టాప్ లేని కారైతే, తలుపు కంతకి అడ్డంగా ఒక ఇనప కడ్డీ గానీ చెక్క గానీ కీలు బోల్టుల నుంచి లాక్ బోల్టుల దాకా బిగించండి. ఛాసిస్ లేని బాడీ అట్టపెట్టెలా మెలితిరుగుతుంది. ఒకసారి అలా తిరిగి ఉండిపోయిందంటే తలుపులు ఇక సరిగ్గా మూసుకోవు.

బోల్టులన్నిటికీ వారం ముందు నుంచే రోజూ తుప్పు వదిలించే నూనె కొడుతూ ఉండండి.

విడదీయడం

బూట్‌లో ఉన్న బ్యాటరీ మొదట. తర్వాత పెట్రోలు, ఆరుబయట, దగ్గర్లో నిప్పు లేని చోట తీయండి. కూలెంట్, బ్రేక్ ఆయిల్ వంపేయండి. సీట్లు, కార్పెట్, మధ్య టన్నెల్ కవర్, గేర్ లివర్, బానెట్, సైలెన్సర్, కార్బ్యురేటర్లు తీసేయండి. కార్బ్యురేటర్లు పక్కకు పొడుచుకుని ఉంటాయి కాబట్టి బాడీ లేచేటప్పుడు తగులుతాయి.

ఇంజిన్ ముందే తీయాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. ఛాసిస్ మీదే ఉంచండి. బాడీ లేచాక చుట్టూ తిరిగి తీయొచ్చు, ఫెండర్‌కి గీత పడుతుందన్న భయం ఉండదు.

బాడీకీ ఛాసిస్‌కీ మధ్య తెగాల్సిన లంకెలు ఇవి: స్టీరింగ్ కాలమ్ కింది క్లాంపు (స్ప్లైన్ మీద పెయింటు గుర్తు పెట్టాకే లాగండి), బ్రేక్, క్లచ్ హైడ్రాలిక్ గొట్టాలు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, యాక్సిలరేటర్, చోక్ కేబుళ్లు, స్పీడోమీటర్ కేబుల్, హీటర్ గొట్టాలు, పెట్రోల్ గొట్టం, లైట్ల వాక్యూమ్ గొట్టాలు, ఆయిల్ ప్రెషర్ గొట్టం, స్టార్టర్, జనరేటర్ వైర్లు. నీటి వేడి చూపే గేజ్‌కి సన్నని రాగి గొట్టం ఉంటుంది. దాన్ని ఇంజిన్ వైపు నుంచి విప్పి మొత్తం చుట్టి డ్యాష్‌బోర్డ్ దగ్గర కట్టేయండి. అది మడత పడినా తెగినా గేజ్ పోయినట్టే.

ఎర్త్ వైర్లను విడిగా లెక్కపెట్టి ఫొటో తీయండి. ఫైబర్‌గ్లాస్ బాడీలో కరెంటు పోదు. ప్రతి దీపానికీ, మోటారుకీ తిరుగు దారి వైరే.

ఇక బాడీ బోల్టులు. బాడీ వైపు ఇవి ఫైబర్‌గ్లాస్‌లో పాతిన, లోపల మర ఉన్న ఇనప బాబిన్లలోకి బిగుస్తాయి. బోల్టు పట్టేసి ఉన్నప్పుడు బలం పెడితే బోల్టు తిరగదు, బాబిన్ రెజిన్‌లో నుంచి ఊడి గిర్రున తిరుగుతుంది. అందుకని కొంచెం వదులు, కొంచెం బిగింపు, మళ్లీ నూనె, ఇలా ఆడించండి. వేడి చేయాలంటే పెద్ద సోల్డరింగ్ ఐరన్‌ని బోల్టు తలకి ఆనించండి. గ్యాస్ మంట పెడితే బాబిన్ చుట్టూ రెజిన్ మాడిపోతుంది. బాబిన్ తిరగడం మొదలైతే ఆపేసి బోల్టు తలని డ్రిల్‌తో తీసేయండి. బాడీ లేచాక దాని సంగతి చూడొచ్చు.

బాడీ ఎత్తడం

మూలకి ఒకరు చొప్పున నలుగురు, ఛాసిస్‌ని తోయడానికి ఒకరు, ఏం తగులుతోందో చూస్తూ చెప్పడానికి ఇంకొకరు. పట్టు వీల్ ఆర్చ్‌ల దగ్గర ఉండాలి, బంపర్ అంచులు పట్టుకోవద్దు. మొదట రెండంగుళాలు మాత్రమే లేపి ఆపండి. ఒక మూల రాకపోతే అక్కడ మర్చిపోయిన బోల్టో వైరో ఉందని అర్థం. గడ్డపార పెట్టి లేపితే ఆ మూల చీలుతుంది. దింపి వెతకండి. ఎక్కువగా మర్చిపోయేవి కార్పెట్ జిగురు కింద దాగిన బోల్టులు, వెనక టవర్ల దగ్గరివి.

ఇంజిన్, వెనక టవర్లు దాటేంత ఎత్తుకి నిలువుగా లేపాలి. ఛాసిస్‌ని తోసేశాక బాడీని సిల్‌ల (తలుపుల కింది అంచుల) కింద పొడవాటి చెక్కలు, వాటి మీద పాత కార్పెట్ వేసి స్టాండ్ల మీద దించండి. మనుషులు దొరక్కపోతే అవే చెక్కల కింద జాకీలు పెట్టి, ముందు కొంచెం వెనక కొంచెం లేపుతూ కూడా చేయొచ్చు. ఒక పూట బదులు ఒక రోజు పడుతుంది.

బాడీ అడుగు మరమ్మతు

తిరిగిపోయిన బాబిన్ని తీసేసి చుట్టూ నాలుగు అంగుళాల మేర గ్రైండ్ చేయండి. మెరుపు పోయి నూలు కనిపించాలి. అసిటోన్‌తో తుడిచి, బాబిన్‌కి మరలోపల మైనం పూసిన బోల్టు పెట్టి చోటులో నిలిపి, చుట్టూ మ్యాట్ మూడు నాలుగు పొరలు వేయండి. రెజిన్ బరువు మ్యాట్ బరువుకి రెండు నుంచి రెండున్నర రెట్లు. హార్డెనర్ 1 నుంచి 2 శాతం. చలి ఉన్నచోట, 15 డిగ్రీల లోపు, ఈ పని పెట్టుకోవద్దు. రెజిన్ పైకి గట్టిపడినట్టు కనిపిస్తుంది గానీ లోపల పూర్తిగా కుదరదు. గ్రైండింగ్ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, పి3 మాస్క్ (సన్నని దుమ్ముని ఆపేది), నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

ప్లస్ 2 అయితే సిల్‌ల లోపల ఇనప బలపు పట్టీలుంటాయి. అవీ తుప్పు పట్టి ఉంటాయి. బాడీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నప్పుడే మార్చేయండి.

కొత్త ఛాసిస్ సిద్ధం చేయడం

దాన్ని సమంగా ఉన్న స్టాండ్ల మీద పెట్టి, ముందు కింది విష్‌బోన్ పిన్ను నుంచి ఎదుటి వైపు వెనక టవర్ మధ్య దాకా ఐమూలగా దూరం కొలవండి. రెండో ఐమూల దూరంతో పోల్చండి. గాల్వనైజింగ్‌లో ఛాసిస్ 450 డిగ్రీల వేడి జింక్‌లో మునిగి వస్తుంది, పలచని రేకు వంగే అవకాశం ఉంది. తేడా 3 మిల్లీమీటర్లు దాటితే ఏమీ బిగించకుండానే అమ్మినవాళ్లతో మాట్లాడండి. ఒక్క బోల్టు పెట్టాక ఎవరూ వెనక్కి తీసుకోరు.

ప్రతి మరలోనూ జింక్ నిండి ఉంటుంది. ట్యాప్‌కి నూనె రాసి అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ శుభ్రం చేయండి. బోల్టుతోనే మర తీద్దామనుకుంటే బోల్టు పట్టేసి విరుగుతుంది, రేకు లోపల వెల్డ్ అయి ఉన్న నట్టు ఊడుతుంది. బాడీ, డిఫరెన్షియల్ ఆనే చోట్ల గడ్డకట్టిన జింక్ చుక్కల్ని ఆకురాయితో సమం చేయండి, ఇనుము కనిపించేదాకా పోవద్దు.

పెయింటు వేయాలనుకుంటే ముందు జింక్‌కి సరిపడే ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొరికి పట్టుకునే తొలి పూత) కొట్టాలి. మామూలు ప్రైమర్ పొరలుగా రాలిపోతుంది. వేయకపోయినా నష్టం లేదు. గాల్వనైజ్ చేసిన రేకు మీద వెల్డింగ్ మాత్రం చేయకండి, జింక్ పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది.

ఇప్పుడు ఎవరూ చేయడానికి ఇష్టపడని పని. ఒట్టి ఛాసిస్ మీద ఒట్టి బాడీని ఒకసారి పెట్టి చూడాలి. ఛాసిస్‌ని ఇద్దరు తేలిగ్గా మోయగలరు, బాడీ కిందికి జరిపి దించడమే. ఎలాన్ బాడీలు చేత్తో పోసినవి, ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. పైగా దశాబ్దాలుగా మీ బాడీ తుప్పు పట్టి కుంగిన ఛాసిస్ రూపానికి అలవాటు పడి ఉంటుంది. బోల్టులన్నీ రెండు మూడు మరలు మాత్రమే ఎక్కించి, ప్రతి చోటా సందులో ఫీలర్ గేజ్ పెట్టి చూడండి. సందు ఉన్నచోట అంత మందం షిమ్ పెట్టి, ఎక్కడ ఎంతో ఛాసిస్ మీద మార్కర్‌తో రాయండి. అప్పుడు తలుపులు తగిలించి ముందు రాసిన సందులతో పోల్చండి. తలుపు వెనక అంచు కిందికి జారితే బాడీ మధ్యలో కుంగిందని అర్థం, తలుపు స్తంభాల దగ్గరి షిమ్‌లు పెంచాలి.

బోల్టు రంధ్రం కలవకపోతే ఛాసిస్ రంధ్రాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు ఆకురాయితో పొడిగించి, అంచుకి జింక్ పెయింట్ వేయండి. బోల్టు బలంతో బాడీని లాక్కొచ్చి కూర్చోబెడితే ఆ రోజుకి బాగానే ఉంటుంది. కొన్ని నెలలకి అక్కడే పెయింటు మీద నక్షత్రాల్లా పగుళ్లు వస్తాయి. ఎంత పెయింటు వేసినా మళ్లీ అక్కడే వస్తాయి.

భాగాలు మార్చడం

బాడీని మళ్లీ ఎత్తి పక్కన పెట్టి, పాత ఛాసిస్ నుంచి ఒక్కో మూల విప్పి ఆ మూలనే కొత్తదానికి ఎక్కించుకుంటూ పోండి. అంతా ఒకేసారి విప్పి కుప్ప పోస్తే ఎడమ ఏదో కుడి ఏదో తెలియదు.

స్టీరింగ్ రాక్ కింద ఉన్న షిమ్‌లు ఎన్నో, ఏ వైపువో రాసుకుని అవే పెట్టండి. రాక్ ఎత్తు మారితే గుంతలో పడ్డప్పుడల్లా చక్రాలు తమంతట తామే తిరుగుతాయి. ముందు ట్రనియన్లు (చక్రం తిరిగే చోట కింద ఉండే మర కీళ్లు) ఎడమ కుడి వేరు, మరలు ఎదురు దిశల్లో ఉంటాయి. వాటిలో గ్రీజు కాకుండా ఇపి90 ఆయిల్ నింపాలి. గ్రీజు మరల లోపలి దాకా పోదు, ఎండిపోయి అప్‌రైట్ (చక్రాన్ని మోసే నిలువు భాగం) విరుగుతుంది.

విష్‌బోన్ బుష్‌ల నట్లను ఇప్పుడు చేత్తో మాత్రమే బిగించి వదిలేయండి. వేలాడుతున్న స్థితిలో బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలితిరిగి కొద్ది రోజుల్లో చిరుగుతుంది.

వెనక స్ట్రట్‌లను స్ప్రింగ్‌తో సహా ఒకే ముక్కగా మార్చండి. స్ప్రింగ్ కంప్రెసర్ పెట్టకుండా స్ట్రట్ మధ్య నట్టు జోలికి వెళ్లకండి, స్ప్రింగ్ ఎగిరి ప్రాణం మీదకి వస్తుంది. కొత్త రోటోఫ్లెక్స్‌లు ఇనప పట్టీతో బిగించి వస్తాయి. ఆరు బోల్టులూ బిగించాకే పట్టీ కోయండి, ముందే కోస్తే రబ్బరు విచ్చుకుని బోల్టులు కలవవు.

బ్రేక్ పైపులు, పెట్రోల్ పైపు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ బాడీ దిగకముందే పూర్తవ్వాలి. ఒకసారి టన్నెల్ మూసుకుంటే చెయ్యి దూరదు. ఇంజిన్ బయట ఉండగా క్లచ్ ప్లేటు, వాటర్ పంప్ చూడండి. ట్విన్ కామ్ ఇంజిన్‌లో వాటర్ పంప్ ముందు కవర్‌లోనే ఇమిడి ఉంటుంది, మార్చాలంటే ఇంజిన్ సగం విప్పాలి. బేరింగ్ ఏమాత్రం ఊగినా ఇప్పుడే మార్చేయండి.

ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి, బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి ఎర్త్ పట్టీలు మెరిసే లోహం మీద బిగించి పైన గ్రీజు రాయండి. ఇంజిన్ ఎర్త్ మర్చిపోతే స్టార్టర్ కరెంటు చోక్ కేబులో యాక్సిలరేటర్ కేబులో పట్టుకుని దారి చూసుకుంటుంది, అవి ఎర్రగా కాలిపోతాయి.

బాడీ దించడం, ఆ తర్వాత

మూలల్లోని నాలుగు నిలువు బాబిన్లలోకి తల కోసిన పొడవాటి బోల్టులు ఎక్కించండి. బాడీ దిగేటప్పుడు అవి ఛాసిస్ రంధ్రాల్లోకి దారి చూపిస్తాయి. రాసుకున్న షిమ్‌లు, ఫెల్ట్ పట్టీలు జిగురుతో అంటించి, బాడీని అంగుళం అంగుళం దించండి. వైర్లు, గొట్టాలు నలగకుండా ఒకరు టన్నెల్ వెంట చూస్తూ ఉండాలి. అన్ని బోల్టులూ చేత్తో ఎక్కాకే ఒక్కటైనా బిగించడం మొదలుపెట్టండి. మధ్య నుంచి చివర్లకి, మూడు విడతల్లో. వాషర్ కదలడం ఆగాక పావు చుట్టు చాలు, అంతకు మించితే ఫైబర్‌గ్లాస్ నలుగుతుంది. సీట్ బెల్ట్ బోల్టులు మాత్రం మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి బిగించాలి.

స్టీరింగ్ కాలమ్‌ని గుర్తుకి గుర్తు కలిపి తగిలించి, క్లాంప్ బోల్టు పూర్తిగా దూరిందో లేదో వేలితో తడిమి చూడండి. బ్రేకులు గాలి తీశాక పెడల్‌ని ఒక నిమిషం గట్టిగా నొక్కి పట్టుకోండి. మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది, ఫ్లేర్ చేసిన ప్రతి కొసకీ తెల్ల కాగితం అద్ది చూడండి.

కారుని నేల మీదకి దించి, సీట్లలో మనుషుల బరువుకి సరిపడా బస్తాలు వేసి, ముందూ వెనకా పది మీటర్లు దొర్లించి ఆపండి. విష్‌బోన్ నట్లు పూర్తిగా బిగించాల్సింది ఇప్పుడు. ఆ తర్వాత టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం) కొలిచి సరిచేయించండి. రోడ్డెక్కాక మొదటి 100 కిలోమీటర్లకి ఒకసారి, 500కి మరోసారి రోటోఫ్లెక్స్, విష్‌బోన్, చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో చూడండి. బాడీ బోల్టుల్ని 500 దగ్గర ఒక్కసారి చూస్తే చాలు. వదులైనవాటిని మాత్రమే బిగించి మిగతావాటిని కదపకండి. అన్నీ సరిపోయాకే పెట్టెల లోపల మైనం కొట్టండి. మైనం కారడం ఆగిన మర్నాడు ముందు స్తంభాల అడుగు రంధ్రాల్లో తీగ దూర్చి తెరిచి ఉన్నాయో లేదో చూడండి, వాటిని మూసేసేది ఎక్కువసార్లు ఈ మైనమే.